చదివే అలవాటుకు పోటీ మేలా, పీరియడ్ మేలా?

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. మా కర్నూలు జిల్లా బడుల్లో ఆ వారమంతా వ్యాసరచన, క్విజ్, వక్తృత్వం, ఆఖరి రోజు బహుమతులు. మర్నాడు చాలాచోట్ల పుస్తకాల బీరువాకు మళ్లీ తాళం పడుతుంది. అందుకే ఈసారి స్టాఫ్ మీటింగులో ఒకటే చర్చ. ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకు బహుమతి అంటూ ఏడాదంతా పోటీ నడపాలా, లేక రోజూ అరగంట చదువుకునే పీరియడ్ పెట్టాలా? నేను పీరియడ్ వైపే. అయితే పిల్లల ముందు పుస్తకం పెట్టి ఊరుకునే పీరియడ్ వైపు కాదు.

పోటీని ఒక్క చార్టు గోడకంటించి రేపే మొదలుపెట్టొచ్చు. మొదటి నెల ఉత్సాహం కూడా బాగుంటుంది. ఆ తర్వాత మిగిలేది క్లాసుకు నలుగురైదుగురే, అదీ ముందునుంచీ చదివే పిల్లలే. లెక్క పుస్తకాల సంఖ్యది కాబట్టి అందరూ పలచటివే ఏరుకుంటారు. వాళ్ల నోటుబుక్కు తెరిచి చూడండి. కథ గురించి రాయమంటే పుస్తకం అట్ట వెనకున్న నాలుగు వాక్యాలూ కామాలతో సహా దించేసి ఉంటాయి.

బహుమతి ఆశ ఉన్న ఇష్టాన్ని కూడా తగ్గించగలదు. 1973లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి బహుమతి ఇస్తామని ముందే చెప్పి వేయించారు. తర్వాత తీరిక దొరికినప్పుడు వాళ్లు రంగుపెన్నులు పట్టడం తగ్గింది. బహుమతి మాట వినని పిల్లల్లో అలా తగ్గలేదు.

మా పడమటి మండలాల్లో ఇంకో చిక్కుంది. కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లలో పనులు లేని నెలల్లో కుటుంబాలు సుగ్గికి, అంటే కూలికి వలస పోతాయి, గుంటూరు వైపు మిరపకోతలకు. పిల్లలూ వెంట పోతారు. ఏడాది పోటీలో వాళ్ల పేరు సగంలోనే ఆగిపోతుంది. పీరియడ్‌కైతే తిరిగొచ్చిన రోజు నుంచే కూర్చోవచ్చు.

పీరియడ్‌కూ లోపం లేకపోలేదు. అమెరికా జాతీయ పఠన కమిటీ 2000లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పైకి చదివించి, సరిదిద్దుతూ, మళ్లీ చదివిస్తే ధారాళంగా చదవడం వస్తుంది. ఎవరికి వాళ్లు మౌనంగా చదువుకుంటే వస్తుందనడానికి మాత్రం చాలినంత ఆధారం దొరకలేదు. ఆదోని వైపు క్లాసుల్లో ఇది కళ్లారా కనిపిస్తుంది. ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే ఆరో తరగతి పిల్లాడు లైను కింద వేలు పెట్టుకుని చదువుతూ వస్తాడు. ‘రాష్ట్రం’ దగ్గర వేలు ఆగిపోతుంది. పక్కన చెప్పేవాళ్లుంటే దాటుతాడు. లేకపోతే పేజీ తిప్పేసి అరగంటా బొమ్మలే చూస్తాడు.

అందుకని మొదటి పది నిమిషాలు టీచరే గొంతెత్తి చదవాలి, కథ మంచి పట్టులో ఉండగా ఆపాలి. మిగతా ఇరవై నిమిషాలు తొమ్మిదో తరగతి పిల్లలు ఆరో తరగతి పిల్లలతో జతగా చదవాలి. అలా ఆపిన రోజునే ఒక పాప అడిగింది: “సార్, ఇది ఇంటికి తీసుకుపోదునా? మా జేజికి చదివి వినిపిస్తా.” అంత మాట అడిగిన పిల్లకు పుస్తకం ఇవ్వకపోతే మనం లైబ్రరీ నడుపుతున్నట్టే కాదు.

ఇంటికివ్వడానికి అడ్డం భయమే. పుస్తకం పోతే ఆడిట్‌లో ఎవరు కట్టాలని టెన్షన్. పేరెంట్స్ కమిటీతో ముందే మాట్లాడి తీర్మానం రాసుకుంటే ఆ బరువు ఇన్‌ఛార్జ్ టీచరు ఒక్కరి మీదే పడదు. పుస్తకాలున్నది వాడటానికే అని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే తన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిదిగా రాశారు. గ్రంథాలయోద్యమానికి అంతగా పాటుపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో పుట్టింది మన కర్నూలులోనే. ఆయన జిల్లాలో పుస్తకాలకు తాళం చూస్తే నాకు మనసు కష్టంగా ఉంటుంది.

వారోత్సవాల పోటీలు ఆ వారానికి ఉండనీ, పిల్లలకు అదొక పండగ. ఏడాది పోటీ బహుమతులకనుకున్న డబ్బుతో మాత్రం పెద్ద అక్షరాల కథల పుస్తకాలు, ఒక్కోటి నాలుగేసి కాపీలు కొందామని హెడ్మాస్టరుకు చెప్పాను. మధ్యాహ్న భోజనం తర్వాతి అరగంట ఇమ్మని కూడా అడిగాను. ఇక లెక్కల సార్ ఒప్పుకోవాలి.