పాత స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు గుద్దిన నంబరు, అంటించిన లేబుల్: ఏది మేలు?

పాత స్పోర్ట్స్ కారుపై గుర్తింపు ఆధారాలు ముఖ్యంగా మూడు చోట్ల ఉంటాయి: ఉక్కుపై గుద్దిన ఛాసిస్ నంబరు, తలుపులు, బానెట్ వంటి భాగాలపై అంటించిన స్టిక్కర్లు, ఫ్యాక్టరీలో బిగించిన ప్రత్యేక పరికరాల కోడ్‌లున్న లేబుల్. ఈ మూడూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పవు కనుక, దేన్ని ముందు చూడాలో, దేన్ని ఎంతవరకు నమ్మాలో కారు దగ్గరికి వెళ్లకముందే తేల్చుకోవాలి.

ఛాసిస్ నంబరు చెప్పేది ఆ కారు ఏ కారో మాత్రమే. అమెరికాలో 1981 మోడల్ నుంచి 17 అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు తప్పనిసరి అయింది. 1, 0 అంకెలతో పొరబడకుండా ఇంగ్లిషు అక్షరాలైన ఐ, ఓ, క్యూలను అందులో వాడరు కాబట్టి, అవి కనిపించిన 17 స్థానాల నంబరును అనుమానించవలసిందే. డబ్ల్యూపీ0 అని మొదలైతే పోర్షే, జడ్ఎఫ్ఎఫ్ అని మొదలైతే ఫెరారీ. ఉత్తర అమెరికా మార్కెట్ కార్లలో తొమ్మిదవ స్థానం మిగతా అక్షరాల నుంచి లెక్కగట్టిన తనిఖీ అంకె కనుక, ఒక్క అక్షరం మార్చినా సాధారణంగా లెక్క తప్పుతుంది. యూరప్ మార్కెట్ పోర్షేలలో అక్కడ ఖాళీ నింపే జడ్ అక్షరం ఉంటుంది. దాన్ని చూసి కారు నకిలీదని తొందరపడకూడదు. డాష్‌బోర్డుపై రివెట్లతో బిగించిన పలకను ఊడదీసి మరొకటి పెట్టడం కంటే ఉక్కుపై గుద్దిన నంబరును మార్చడం కష్టం, ఎందుకంటే అరగదీసినా, ముక్క కోసి వెల్డింగ్ చేసినా చుట్టూ ఆనవాలు మిగులుతుంది. అందుకే పలకతో ఆగకుండా గుద్దిన నంబరును స్వయంగా చూడాలి. చాలా తరాల పోర్షే 911 కార్లలో అది ముందు డిక్కీలోని కార్పెట్ కింద దొరుకుతుంది.

అయితే నంబరు సరిగ్గా ఉన్న కారు కూడా ఘోర ప్రమాదంలో నలిగి, మళ్లీ అతికించినది కావచ్చు. ఆ సంగతి చెప్పడంలో భాగాలపై ఉండే స్టిక్కర్లదే పైచేయి. దొంగిలించిన కార్లను విప్పి విడిభాగాలుగా అమ్మడాన్ని అరికట్టేందుకు అమెరికా 1984లో చేసిన చట్టం వల్ల, దొంగతనాల బెడద ఎక్కువగా ఉన్న మోడళ్లలో 1987 నుంచి ఇంజిన్, గేర్‌బాక్స్, ఫెండర్లు (చక్రాల మీది రేకులు), తలుపులు, బానెట్, బంపర్లు వంటి ప్రధాన భాగాలపై గుర్తింపు తప్పనిసరి అయింది. ఈ స్టిక్కరును పీకితే చిరిగిపోవాలి, లేదా దాని జాడ ఆ భాగంపై మిగలాలి. కొత్తగా కొని వేసిన భాగమైతే కారు ఛాసిస్ నంబరుకు బదులు ఆర్ అనే అక్షరం కనిపిస్తుంది. ఎడమ ఫెండరుపై ఆర్ అక్షరం, పక్కనే తలుపుపై వేరే కారు నంబరు ఉంటే, ఆ వైపు దెబ్బ తగిలిందనీ, తలుపు మరో కారు నుంచి వచ్చిందనీ అనుకోవడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. స్టిక్కరు అంచుల మీదికి రంగు పాకి ఉంటే ఆ భాగానికి మళ్లీ పెయింట్ వేశారని అర్థం.

స్టిక్కరు లేకపోవడాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఫ్యాక్టరీలోనే దొంగతన నిరోధక పరికరం అమర్చిన కొన్ని మోడళ్లకు మినహాయింపు ఉంది. ఇతర దేశాల కోసం తయారైన కార్లపై ఇవి అసలే ఉండకపోవచ్చు. అన్ని భాగాలపైనా లేకపోవడం కంటే, నాలుగింటిపై ఉండి ఐదో దానిపై లేకపోవడమే ఎక్కువ చెబుతుంది. నా మటుకు నేను స్టిక్కరు పీకేసిన ఫెండరు కంటే, మరమ్మతు బిల్లుతో పాటు ఆర్ అక్షరం నిజాయతీగా కనిపించే ఫెండరునే కోరుకుంటాను.

మూడోదైన పరికరాల లేబుల్ ప్రభావం నేరుగా ధరపై పడుతుంది. షెవర్లే కంపెనీ స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో ఇది తరాన్ని బట్టి కన్సోల్ అరలోనో గ్లవ్ బాక్స్‌లోనో, చాలా పోర్షేలలో ముందు డిక్కీ మూత కిందా, సర్వీసు పుస్తకంలోనూ ఉంటుంది. జడ్51 వంటి కోడ్ కనిపిస్తే ఆ కార్వెట్ మెరుగైన హ్యాండ్లింగ్ ప్యాకేజీతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని తెలుస్తుంది. కానీ కాగితపు లేబుల్‌కు నకలు చేయించడం కష్టం కాదు కనుక, మూడింటిలో తక్కువగా నమ్మదగింది ఇదే. దానిపై ముద్రించిన నంబరు ఛాసిస్ నంబరుతో కలవాలి, కోడ్ చెప్పిన పరికరం కారులో నిజంగా ఉండాలి.

పాత కార్వెట్ కొనేవారు ఇంజిన్ బ్లాకుపై గుద్దిన అంకెలనూ చూడాలి. ఆ చోట ఫ్యాక్టరీ యంత్రపు సన్నని గీతలు లేకుండా నున్నగా ఉంటే, అరగదీసి మళ్లీ గుద్దారేమోనని అడగాలి. ఆధునిక కార్లలో స్కానర్ పెట్టి కారు కంప్యూటర్‌లోని ఛాసిస్ నంబరును చదవవచ్చు, కానీ కంప్యూటర్ మార్చినా తేడా వస్తుంది కనుక అది అదనపు సాక్ష్యమే.

కాబట్టి ముందు గుద్దిన నంబరును రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోల్చి, తర్వాత స్టిక్కర్లను, చివరగా పరికరాల లేబుల్‌ను చూడడం మేలు. తలుపు నంబరు కలవకపోతే కారును పైకి లేపి అడుగుభాగం చూపించమని అడిగి, ఆ తర్వాత ధర మాట్లాడవచ్చు. ఛాసిస్ నంబరే కలవకపోతే, లేదా కార్పెట్ ఎత్తి చూపడానికి అమ్మేవారు నిరాకరిస్తే, ధర ఎంత తగ్గించినా ఆ బేరం వదులుకోవాలి.