కామెడీ కోసం ఏ యాప్ కొనాలి? ఓ కేబుల్‌వాడి లెక్క

మిర్యాలగూడలో కేబుల్ కనెక్షన్లు ఇస్తాను. ఇప్పుడు అవే ఇళ్లకు నెట్ కూడా ఇస్తున్నా. నెలవారీ వసూళ్లకు వెళ్తే అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునేది ఏ యాప్‌లో ఉంది?" గుమ్మంలో నిలబడి చెబితే తెమలడం లేదు, అందుకే రాస్తున్నా.

టీఆర్పీలు నాకు తెలియవు, ఫోన్ మోత తెలుసు. 2013లో జబర్దస్త్ మొదలయ్యాక గురువారం రాత్రి లైన్ పోయిందంటే చాలు, ఊరు ఊరంతా ఫోన్ చేసేది. ఏ స్తంభం మీద యాంప్లిఫయర్ చెడిందోనని నిచ్చెన పట్టుకుని పరిగెత్తేవాణ్ని. మరుసటి ఏడాది ఎక్స్‌ట్రా జబర్దస్త్ వచ్చి శుక్రవారం కూడా తినేసింది. ఇప్పుడు లైన్ పోయినా అడిగే దిక్కు లేదు, స్కిట్ ఎలాగూ యూట్యూబ్‌లో దొరుకుతుంది. అదీ మొత్తం చూడరు, రెండు పంచులున్న ముక్క వాట్సాప్ స్టేటస్‌లో చూసి వదిలేస్తారు. రాసేవాళ్లు కూడా ఆ ముక్క కోసమే రాస్తున్నట్టుంది. కథ ఉండదు. ఒకరి లావు మీద, ఒకరి రంగు మీద, ఆడవేషం మీద పంచులే పంచులు.

అందుకని కొలత మార్చాను. వసూలుకు వెళ్లినప్పుడు హాల్లో టీవీ ముందు ఎంతమంది ఉన్నారో చూస్తా. చాలా ఇళ్లలో టీవీ దానంతటది మోగుతుంటుంది, ఎవరి ఫోన్‌లో వాళ్లుంటారు.

పెద్దవాళ్లున్న ఇంటికి నేను చెప్పేది, పైసా పెట్టకండి. జెమినీలో 2001 నుంచి 2007 దాకా ఆదివారాలు వచ్చిన అమృతం యూట్యూబ్‌లో ఉంది. 313 ఎపిసోడ్లు, రోజుకొకటి చూస్తే ఏడాదికి దగ్గరగా సరిపోతాయి. 2020 ఉగాదికి జీ5లో అమృతం ద్వితీయం తీశారు. అప్పటికే గుండు హనుమంతరావు గారు లేరు, అంజిగా ఎల్బీ శ్రీరామ్ చేశారు. ఆయనకు వంక పెట్టడానికి లేదు గానీ, మా అమ్మ కాసేపు చూసి "పాతది పెట్టు బిడ్డా" అంది.

డబ్బులు పెట్టాలంటే మాత్రం ఈటీవీ విన్‌లో '90స్: ఎ మిడిల్‌క్లాస్ బయోపిక్' కోసం పెట్టండి. 2024 జనవరిలో వచ్చింది, ఆరే ఎపిసోడ్లు. శివాజీ లెక్కల మాస్టారు. కథ జరిగేది వనపర్తిలో. మా ఆవిడ పుట్టిల్లు వనపర్తి, కాబట్టి మా ఇంటి తీర్పును కాస్త తగ్గించి తీసుకోండి. అయినా చెబుతా. సర్కారు టీచరు జీతంతో ఇల్లు ఎలా ఈడ్చేవాళ్లో, పిల్లల మార్కులు తెలిసే రోజు ఎంత టెన్షనో, ఎవరినీ వెక్కిరించకుండా నవ్వించారు. ఉప్మా సీను దగ్గర మావాడు వాళ్లమ్మ వైపు చూశాడు. "ఏందిరా చూస్తున్నవ్, రేపూ అదే" అంది. మధ్యలో ఒక్కరూ ఫోన్ తియ్యలేదు, నాకు అదే గొప్ప. చివర్లో సెంటిమెంటు పాలు కొంచెం ఎక్కువైంది.

జియోహాట్‌స్టార్‌లో సేవ్ ద టైగర్స్ పిల్లలు పడుకున్నాక చూసేది. పాలవ్యాపారం చేసే గంటా రవిగా ప్రియదర్శి, అతని భార్యగా జోర్దార్ సుజాత. వాళ్ల గొడవ మా గల్లీలో వినపడే గొడవే. మన యాస పనివాడికో రౌడీకో పరిమితం కాకుండా మొగుడూ పెళ్లాల మధ్య మామూలుగా నడవడం నాకు నచ్చింది. కానీ పెళ్లాల చేతిలో నలిగిపోయే మగాళ్లన్న జోకు ఎన్ని ఎపిసోడ్లు లాగుతారు? 2024లో వచ్చిన రెండో సీజన్‌కు నాకు ఓపిక అయిపోయింది. మా ఆవిడకైతే మొదటి సీజన్‌లోనే అయిపోయింది.

ఆహాలో బాలకృష్ణ అన్‌స్టాపబుల్ వచ్చే అతిథిని బట్టి ఉంటుంది. 2022లో వచ్చిన కామెడీ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో టీవీలో చూసిన మొహాలే, టీవీలో విన్న పంచులే. కేబుల్ బిల్లు కడుతూ దానికి మళ్లీ ఎందుకు కట్టాలి?

ఏడాది ప్యాక్ మీద ఆఫర్ అని చూపిస్తే తొందరపడకండి. ఆరు ఎపిసోడ్లు రెండు రాత్రుల్లో అయిపోతాయి. నెలకు తీసుకోండి, చూడండి, ఆటో పే ఆపేయండి. ఆపడం రాకపోతే వసూలుకు వచ్చినప్పుడు చెప్పండి, నేనే ఆపేసి వెళ్తా.