చేతి జీపీఎస్: దారికి సరే, హద్దు రాయికి కాదు

మంగళగిరి దగ్గర మాకున్న ఐదు సెంట్ల స్థలాన్ని స్వయంగా కొలుచుకుందామని, విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక దుకాణంలో చేతిలో ఇమిడే జీపీఎస్ రిసీవర్‌ను రూ. 14,500కు కొన్నాను. అమ్మినతను "మూడు మీటర్ల యాక్యురసీ సార్" అన్న మాటకు అసలు అర్థం తెలియడానికి నాకు నెల పట్టింది.

మొదటిసారి డాబా మీద ఆన్ చేస్తే ఎంతసేపటికీ స్థానం చూపకపోవడంతో పరికరం చెడిపోయిందనుకున్నాను. దాన్ని కోల్డ్ స్టార్ట్ అంటారు: ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఏమాత్రం తెలియని రిసీవర్, ఒక్కొక్క ఉపగ్రహం తన కక్ష్య వివరాలను, అంటే ఎఫెమెరిస్‌ను, 30 సెకన్లకోసారి పంపుతుంటే అందుకుని, కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి దూరాలు లెక్క కట్టాక గానీ ఫిక్స్, అంటే మన స్థానం, ఇవ్వలేదు. మూడు చాలవా అని నాకూ అనిపించింది. నాలుగోది రిసీవర్‌లోని చవక గడియారం తప్పును సరిచేయడానికి. కాసేపు ఆపి మళ్లీ ఆన్ చేస్తే కొన్ని సెకన్లలోనే స్థానం వచ్చింది.

బీసెంట్ రోడ్డులో నిలబడితే తెర మీద నా స్థానం చూపే చుక్క ఎదుటి దుకాణాల మీదికి దూకుతూ ఉంది. సిగ్నల్ గోడలకు తగిలి ఆలస్యంగా చేరే ఈ ఇబ్బందిని మల్టీపాత్ అంటారు. పైగా అక్కడ కనిపించే కాసిని ఉపగ్రహాలూ ఆకాశంలో ఒకే పట్టీలో ఉండటంతో, ఉపగ్రహాల అమరిక వల్ల స్థానంలో తప్పు ఎంత పెరుగుతుందో చెప్పే డీవోపీ అంకె పెరిగింది. అది ఎంత తక్కువైతే అంత మంచిది. ప్రకాశం బ్యారేజీ మీద ఆకాశమంతా తెరిచి ఉండటంతో ఆ బెడద లేదు. అక్కడే నా ఫోన్‌లోని ఒక యాప్ ఎత్తును సున్నా కంటే పదుల మీటర్లు తక్కువగా చూపింది. కృష్ణ సముద్రం కింద పారుతోందా అని నవ్వుకున్నాం గానీ, ఆ యాప్ భూమి ఆకారానికి దగ్గరగా లెక్క కట్టిన డబ్ల్యూజీఎస్ 84 అనే గణిత దీర్ఘవృత్తాభం నుంచి కొలుస్తోంది. దక్షిణ భారతంలో సగటు సముద్ర మట్టం దానికంటే పదుల మీటర్లు కిందనే ఉంటుంది. ఈ తేడాను రిసీవర్ తనంతట తానే సరిచేసి చూపడం నాకు నచ్చింది.

ఇక స్థలం సంగతి. తెర మీది "3 మీ." అనేది హామీ కాదు, అంచనా మాత్రమే; కొన్ని రీడింగులు ఆ మూడు మీటర్ల వలయం దాటి బయటే పడతాయి. ఐదు సెంట్ల చతురస్రం ఒక వైపు సుమారు 14 మీటర్లు కాబట్టి, ఒక గీత మూడు మీటర్లు జరిగితే ఒక సెంటుకు పైగా నేల పక్కవారికో మనకో పోతుంది. ఈ సంగతి పరికరం అమ్మేచోట ఒక్కరూ చెప్పరు.

బ్యాటరీ రోజంతా ఆగుతుంది, ఎండలో తెర చక్కగా కనిపిస్తుంది. కొండపల్లి అడవి దారులకు దీన్నే వాడుకుంటాను. హద్దు రాళ్లకు మాత్రం సెంటీమీటర్ల లెక్కలో కొలిచే ఆర్‌టీకే రోవర్ అనే పరికరం ఉన్న సర్వేయరును మాట్లాడుకున్నాను.