హాలిఫాక్స్‌లో ఒక్క పూటే ఉంటే టైటానిక్ సమాధులా, ఫోర్ట్ నీడమ్ గుట్టా?

టొరంటో వైపు నుంచి కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్ చూడ్డానికి వచ్చే మనవాళ్లు తరచుగా అడిగేది ఇదే. ఒక పూటే టైముంది, ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానంలో టైటానిక్ సమాధులకు వెళ్లాలా, 1917 పేలుడు స్మారకం ఉన్న ఫోర్ట్ నీడమ్ ఎక్కాలా?

సమాధులు తప్పకుండా చూడదగ్గవే. ఈ ఊళ్లో ఖననం చేసిన 150 మంది టైటానిక్ మృతుల్లో 121 మంది అక్కడే ఉన్నారు. చాలా రాళ్ల మీద పేరు లేదు, తేదీ, శవం నంబరు అంతే. జనం మాత్రం నేరుగా 'జె. డాసన్' రాయి దగ్గరికి పోతారు. అతను టైటానిక్ సినిమా హీరో జాక్ డాసన్ కాదు, ఓడ అడుగున బాయిలర్లకు బొగ్గు చేరవేసిన జోసెఫ్ డాసన్.

అయినా నా ఓటు గుట్టకే. ఆ సమాధుల్లో ఉన్నవాళ్లు సముద్రం మీద చనిపోతే ఇక్కడికి తెచ్చినవాళ్లు. పేలుడులో పోయింది ఈ ఊరివాళ్లే. 1917 డిసెంబర్ 6 ఉదయం, పేలుడు పదార్థాలతో నిండిన ఫ్రెంచ్ ఓడ మాంట్ బ్లాంక్, నార్వే ఓడ ఇమో హార్బర్ ఇరుకులో గుద్దుకున్నాయి. మంటలు చూద్దామని జనం కిటికీల దగ్గర చేరారు. 9:04కి ఓడ పేలి, అద్దాలు పగిలి, ఎంతోమందికి చూపు పోయింది. దాదాపు 2,000 మంది చనిపోయారు. రైల్వే డిస్పాచర్ విన్స్ కోల్‌మన్ పారిపోకుండా ఉండిపోయి, రైలు ఆపమని టెలిగ్రాఫ్ కొట్టి, అక్కడే ప్రాణం విడిచాడు.

గుట్ట మీద గంటల గోపురం దగ్గర నిలబడితే ఆ ఇరుకు నీళ్లు కింద కనిపిస్తాయి. పక్కనే హైడ్రోస్టోన్ ఇళ్లు, నేలమట్టమైన పేటలో ఆ తర్వాత కట్టినవి. జరిగిన చోటు కళ్లెదుట ఉండడమే నాకు ముఖ్యం. శ్మశానంలో అది దొరకదు.

ఇంకో సంగతి. 1912లో టైటానిక్ శవాలకు నంబర్లిచ్చి, జేబుల్లో దొరికిన వస్తువులను అదే నంబరుతో భద్రపరిచే పద్ధతి పెట్టింది జాన్ హెన్రీ బార్న్‌స్టెడ్. అయిదేళ్లకు ఆయన కొడుకు ఆర్థర్ అదే పద్ధతితో సొంత ఊరివాళ్ల శవాలను గుర్తించే పని చూశారు. గుట్ట చూసొచ్చాక సమాధుల మీది నంబర్లను చూడండి, వాటి బరువు వేరుగా ఉంటుంది. కారుంటే రెంటికీ మధ్య దూరం కొద్ది నిమిషాలే.

సిటాడెల్ కోట మధ్యాహ్నం ఫిరంగి మోత కోసమైతే సరే. వాన పట్టుకుంటే మాత్రం తీరాన ఉన్న మారిటైమ్ మ్యూజియంకి వెళ్లండి, రెండు కథల వస్తువులూ అక్కడున్నాయి.