ఉండేలు కారు కిట్టు: ఇంజన్ కోసం కొనవచ్చు, టైర్ల కోసం కాదు

దసరాకు ముందు తెప్పించుకున్న 1/25 స్కేలు (నిజం కారులో ఇరవై ఐదో వంతు) డ్రాగ్‌స్టర్ ప్లాస్టిక్ నమూనా కిట్టు సంక్రాంతి వెళ్లిన వారానికి పూర్తయింది. చేతిపని లెక్కగడితే ఇరవై సాయంత్రాలకు మించదు. మిగిలిన కాలమంతా విజయనగరం గాలిలో తేమ తగ్గే రోజు కోసం కాచుకుని కూర్చోవడంతోనే గడిచింది. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ రకం కిట్ల అచ్చులు ఒక కంపెనీ నుంచి మరొక కంపెనీకి చేతులు మారుతూ, బొమ్మ మారిన పెట్టెల్లో మళ్లీ మళ్లీ వస్తుంటాయి కాబట్టి, పెట్టె మీది పేరు కన్నా లోపలి అచ్చు ఎలాంటిదో తెలుసుకుని కొనడమే మేలు.

ఇది 1960ల నాటి స్లింగ్‌షాట్, అంటే ఉండేలు, డ్రాగ్‌స్టర్ నమూనా. పావు మైలు, అంటే 1,320 అడుగుల తిన్నని బాట మీద ఇద్దరిద్దరు పోటీపడే పందెం కోసం కట్టిన కారు అది. బరువంతా వెనుక చక్రాల మీద పడి పట్టు దొరకాలని ఇంజన్‌ను వెనక్కి జరిపి, డ్రైవరును వెనుక ఇరుసుకు కూడా వెనకాల కూర్చోబెట్టేవారు. ఉండేలు తోలులో పెట్టిన రాయిలా అతను అక్కడ ఉంటాడు కాబట్టే ఆ పేరు వచ్చింది. ఆ కూర్చునే చోటులోని ప్రమాదం ఏమిటో 1970లో కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో తేలిపోయింది. అక్కడ పందెం డ్రైవరు డాన్ గార్లిట్స్ కారులో ట్రాన్స్‌మిషన్ పేలి, అతని కుడి పాదంలో కొంత భాగం పోయింది. మరుసటి ఏడాది అతను ఇంజన్‌ను తన వెనక్కి మార్చిన స్వాంప్ ర్యాట్ 14 అనే కారుతో తిరిగివచ్చి గెలవడం మొదలుపెట్టాక, కొద్ది ఏళ్లలోనే ఉండేలు కార్ల కాలం ముగిసింది.

స్కేలు లెక్కన ఆ 1,320 అడుగులు సుమారు 53 అడుగులు అవుతాయి. మా వీధి గుమ్మం నుంచి పెరట్లో నుయ్యి దాకా కొలిస్తే ఇంచుమించు సరిపోయింది. నమూనా చక్రాల మధ్య దూరమే ఎనిమిది అంగుళాలు ఉంటుంది. చట్రాన్ని బల్ల మీద ఆరబెట్టిన రోజున మా అమ్మ చూసి, "ఏట్రా ఇది, కారా, సిరిమానా?" అని అడిగింది. పైడితల్లమ్మ పండుగ చూసి పెరిగినవారికి ఇంతకన్నా మంచి వర్ణన అక్కర్లేదు: పొడవాటి మాను, దాని ఒక కొసన మనిషి.

ఇక కిట్టు సంగతి. పెట్టె విప్పగానే కనిపించిన లోపం టైర్లది. వెనుక వెడల్పు టైర్లను విడి కవర్లో పెట్టకుండా మిగతా భాగాలతో కలిపి పడేశారు. టైర్ల వినైల్‌లో మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ కాలక్రమంలో బయటికి ఊరి, కిట్టు భాగాల ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. నాకు వచ్చిన కిట్టులో ఒక టైరు ముక్కు భాగానికి ఆనుకుని ఉండి, అక్కడ అర్ధచంద్రాకారంలో తన గుర్తు దింపేసింది. పుట్టీ పెట్టి, 400, 800 నంబర్ల వాటర్ పేపర్‌తో రుద్ది సరిచేయడానికి ఒక ఆదివారం పట్టింది. నాలుగు వేల రూపాయలు దాటిన వస్తువులో రెండు రూపాయల కవరు దగ్గర పొదుపు చేయడం నాకు నచ్చలేదు. టైరు తగిలే రిమ్ము అంచుకు ముందుగా సన్నని అల్యూమినియం రేకు చుట్టి ఆ తరువాతే టైరు ఎక్కించాను. లేకపోతే ఇదే కథ రిమ్ముల్లోనూ జరుగుతుంది.

చట్రాన్ని ఎడమ, కుడి అని రెండు సగాలుగా అచ్చు వేశారు. గొట్టాల మీద అచ్చు గీత పొడవునా ఉంది. దాన్ని బ్లేడు వీపుతో గీకి తీయడం విసుగు పుట్టించే పనే కానీ కష్టమైనది కాదు. అసలు ఇబ్బంది మెలిక. అతికించేటప్పుడు గాజు పలక మీద టేపు వేసి బిగించి రాత్రంతా వదిలేస్తేనే నాలుగు చక్రాలూ నేలకు ఆనాయి. ఈ జాగ్రత్త కిట్టుతో వచ్చిన సూచనల కాగితంలో ఎక్కడా లేదు. పైగా అందులో చూపిన వరస ప్రకారం పోతే ఇంజన్ కన్నా ముందే పై రేకులు అతుక్కుపోతాయి, ఆపైన ఇంజన్ లోపలికి దిగదు. నేను కాగితాన్ని మూడో మెట్టు దగ్గరే పక్కన పెట్టేశాను.

కిట్టుకు ప్రాణం ఇంజనే. 426 క్యూబిక్ అంగుళాల, అంటే సుమారు ఏడు లీటర్ల క్రైస్లర్ హెమీని అచ్చు తీసినవారు నిజం ఇంజన్‌ను దగ్గరుండి చూసినవారేనని చెప్పవచ్చు. హెమీలో స్పార్క్ ప్లగ్గులు వాల్వ్ కవరు నడిమధ్య నుంచి దిగుతాయి. ఇక్కడ ఒక్కో కవరు మీద నాలుగేసి గుంటలు సరైన చోటే ఉన్నాయి, లోతు మాత్రం లేదు. చేతి డ్రిల్లుతో వాటిని తొలిచి, ఊళ్లో మోటారు వైండింగ్ చేసే దుకాణంలో అడిగి తెచ్చుకున్న 0.3 మిల్లీమీటర్ల రాగి తీగను వైర్లుగా వాడాను. నిజం కారులో ప్లగ్గు వైరు మందం ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ఆ తీగ స్కేలుకు సరిగ్గా సరిపోతుంది. ప్లగ్గులకు కరెంటు పంపే మ్యాగ్నెటో పెసరగింజంత మూతకు ఎనిమిది రంధ్రాలు వేసి, సిలిండర్లు ఒకదాని తరువాత ఒకటి మండే 1-8-4-3-6-5-7-2 అనే ఫైరింగ్ వరసలో ఒక్కో తీగనూ తన సిలిండరుకు చేర్చాను. ఆ వరస ఎవరు చూస్తారని అడగవచ్చు. నేను చూస్తాను.

పైన కూర్చున్న 6-71 బ్లోయర్ కూడా అంతే శ్రద్ధగా వచ్చింది. ఇది మొదట పందెం కోసం పుట్టిన వస్తువు కాదు. జనరల్ మోటార్స్ వారి టూ స్ట్రోక్ డీజిల్ ఇంజన్‌లోకి గాలి ఊదడానికి చేసినది. ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 71 క్యూబిక్ అంగుళాలు, అదే ఆ అంకెల అర్థం. లారీకి గాలి ఊదిన యంత్రాన్ని నైట్రోమీథేన్ అనే పందెపు ఇంధనం తాగే ఇంజన్ నెత్తిన పెట్టిన వారి తెగువ, దాని వీపు మీది పక్కటెముకల్లాంటి గీతలకు రంగు వేస్తున్నంతసేపూ గుర్తుకు వస్తూనే ఉంది. కిట్టులో దీనికి అద్దంలా మెరిసే క్రోమ్ పూత పూశారు, అది పెళ్లి స్టీలు గిన్నెలా కనిపిస్తుంది. బట్టలకు వాడే బ్లీచ్ ద్రవంలో నానబెట్టి ఆ తళుకు వదిలించి, అల్యూమినియం రంగు వేసి, పలుచని నలుపును సందుల్లోకి పారించాక లోహపు కళ వచ్చింది. క్రోమ్ ఉంచుకునే భాగాల్లోనైనా అతుకు పడే చోట పూత గీకక తప్పదు. జిగురు పాలీస్టైరీన్‌ను కరిగించి కలుపుతుంది గానీ పూతను కాదు.

రంగు దగ్గర తప్పు నాదే. పెట్టె మీది బొమ్మలాగే క్యాండీ ఎరుపు వేయాలనుకున్నాను. క్యాండీ అంటే వెండి రంగు పునాది మీద సెలోఫేన్ కాగితంలా పారదర్శకమైన ఎరుపును పొర మీద పొరగా వేయడం. ప్రతి పొరతోనూ రంగు చిక్కబడుతుంది కాబట్టి ఒక చోట చేయి ఆగితే అక్కడ మచ్చ కడుతుంది. పునాదికి కార్లకు వాడే వెండి రంగు లాకర్ పెయింట్‌ను గంటస్తంభం దగ్గరి పెయింట్ల కొట్టులో తీసుకున్నాను. కొట్టు ఆయన నా చేతిలోని ముక్కును చూసి, "ముందు ప్రైమర్ కొట్టండి బాబూ, లేదంటే థిన్నరు ప్లాస్టిక్కుని తినేస్తుంది" అని హెచ్చరించాడు. ఆయన మాట నిజమో కాదో ఐస్‌క్రీమ్ స్పూను మీద పరీక్షిస్తే, ప్రైమర్ లేని స్పూను ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు తేలింది. మరొక సంగతి కూడా స్పూన్ల మీదే తెలిసింది: కార్లకు వేసే వెండిలో మెరుపు పలుకులు ముతకవైతే ఈ స్కేలుకు పనికిరావు. 0.4 మిల్లీమీటర్ల పలుకు నిజం కారు మీద ఒక సెంటీమీటరు రేకుతో సమానం. అందుకే దొరికిన వాటిలో అన్నిటికన్నా నున్నటి వెండినే ఎంచుకున్నాను.

ఇంత జాగ్రత్తపడి, చివరి పొరను ఆత్రం ఆపుకోలేక నవంబరులో ముసురు పట్టిన సాయంత్రం కొట్టాను. థిన్నరు ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని తేమ ఆ చల్లదనానికి రంగులోకి దిగుతుంది. పది నిమిషాల్లో ఎర్రటి ముక్కంతా పాలు చిందినట్టు తెల్లబారింది. నెమ్మదిగా ఆరే థిన్నరును పలుచగా తుంపర కొడితే సగం వరకు తేరుకుంది, మిగతా సగం కోసం మొదటి నుంచి మొదలుపెట్టాను. జనవరిలో, మధ్యాహ్నం రెండు గంటల ఎండలో, మేడ మీద వేసిన పొర మాత్రం ఏ వంకా లేకుండా ఆరింది.

నీటి డెకాల్స్, అంటే నీళ్లలో తడిపి అతికించే అక్షరాల స్టిక్కర్లు, సామాన్యంగా ఉన్నాయి. ఎరుపు మీద పెట్టగానే తెల్ల అక్షరాల లోంచి కింది రంగు తొంగిచూసి గులాబీ రంగుకు తిరిగాయి. విడిగా మంచి షీటు దొరికితే దాన్నే వాడాలి. పైకి తిరిగిన పొగ గొట్టాల చివరలు మూసుకుని వచ్చాయి, డ్రిల్లుతో గుంట తీసి లోపల నలుపు పూయాల్సి వచ్చింది. పందెం చివర కారును ఆపే పారాచూట్ సంచి రాయిలా బిగుసుకుపోయిన ముద్ద. దానికి సన్నని నూలు దారంతో తాళ్లు కట్టి కొంత నయం చేశాను.

మొదటిసారి కిట్టు కట్టేవారికి దీన్ని నేను సిఫారసు చేయను. వారు మామూలు రోడ్డు కారుతో మొదలుపెట్టడం మంచిది. రెండు మూడు నమూనాలు కట్టి, జిగురు, ప్రైమర్ స్వభావం తెలిసినవారు ఇంజన్ కోసమే దీన్ని కొనవచ్చు, డబ్బు దండగ కాదు. కొంటే మాత్రం ముందు టైర్లు తీసి విడి కవర్లో వేసి, రంగు పనిని సంక్రాంతికి వాయిదా వేసుకోండి.