రొయ్యల చెరువు జనరేటర్‌లో ఆరేళ్లుగా బయోడీజిల్: మంచీ చెడూ

భీమవరం దగ్గర మాకు ఐదెకరాల రొయ్యల చెరువులున్నాయి. రాత్రి కరెంటు పోతే నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లను తిప్పడానికి పాత 40 కేవీఏ జనరేటర్ ఒకటే దిక్కు. తెల్లవారుజామున నీటిలో డీఓ, అంటే కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఆ వేళ ఇంజన్ మొరాయిస్తే పంట మొత్తం పోయే ప్రమాదం ఉంది. అందుకే ఇంధనం విషయంలో నాకు ఇంత పట్టింపు. ఆరేళ్లుగా ఎక్కువగా బీ20, అంటే నూనెల నుంచి తయారుచేసే బయోడీజిల్‌ను ఇరవై శాతం కలిపిన డీజిల్ వాడుతున్నాను. కొన్ని నెలలు పూర్తి బయోడీజిల్‌తో కూడా నడిపాను. ఇంజన్‌లో అది చక్కగా మండుతుంది, కానీ డ్రమ్ములో ఎక్కువ రోజులు నిలవదు. డీజిల్‌ను నిల్వ చేసినట్టు దీన్ని నిల్వ చేసినవాళ్లే ఎక్కువగా నష్టపోయారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

ముందు ఖర్చు సంగతి. డీజిల్‌తో గంటకు ఏడు లీటర్లు తాగే మా ఇంజన్, పూర్తి బయోడీజిల్‌తో ఏడున్నర దాటింది. లీటరుకు శక్తి దాదాపు ఎనిమిది శాతం తక్కువ కాబట్టి అది సహజమే. బీ20తో ఆ తేడా లెక్కకు కూడా అందదు. పొగ తగ్గడం మాత్రం కళ్లకు కనిపిస్తుంది. బయోడీజిల్‌లోనే పది శాతానికి పైగా ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మసి తక్కువ. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం కొంచెం పెరుగుతాయి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. రాత్రంతా ఆ షెడ్డు పక్కనే పడుకునే మా కాపలా మనిషికి కళ్ల మంట తగ్గడం నాకు లీటరు ధరకన్నా పెద్ద విషయం.

మొదటి నెలలోనే రెండుసార్లు ఫిల్టర్ మూసుకుపోయింది. సరుకు కల్తీదని అమ్మినవాడి మీద కోపం తెచ్చుకున్నాను. మెకానిక్ ఫిల్టర్ కోసి చూపించాడు. "ఇది కొత్త ఆయిల్ తెచ్చిన మురికి కాదండీ, మీ ట్యాంకులో పదేళ్లుగా పేరుకున్నదే కరిగి వచ్చింది" అన్నాడు. నిజమే, బయోడీజిల్‌కు అడుగున పట్టిన మడ్డిని కరిగించే గుణం ఉంది. అదే గుణంతో పాత రబ్బరు పైపులనూ ఉబ్బిస్తుంది. పైపులు మార్చాను. రాగి, ఇత్తడి తగిలితే ఇంధనం త్వరగా పాడవుతుందని తెలిశాక డ్రమ్ముకున్న ఇత్తడి కుళాయి తీసేసి స్టీలుది పెట్టించాను.

అసలు దెబ్బ మూడో ఏడు వానాకాలంలో తగిలింది. సగం ఖాళీ అయిన పూర్తి బయోడీజిల్ డ్రమ్ము ఎనిమిది నెలలు షెడ్డులో ఉండిపోయింది. బయోడీజిల్ గాలిలోని తేమను డీజిల్‌కన్నా ఎక్కువగా పీలుస్తుంది, గాలి తగిలితే నూనెలాగే ముక్కిపోతుంది. మా ప్రాంతపు ఉక్కలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అర్ధరాత్రి కరెంటు పోయింది, జనరేటర్ పది నిమిషాలు తిరిగి ఆగింది. ఫిల్టర్ నిండా గోధుమరంగు జిగురు, డ్రమ్ము అడుగున నీళ్లు. పక్క చెరువు వాళ్ల దగ్గర డీజిల్ తెచ్చి పోసేసరికి నలభై నిమిషాలు గడిచాయి. రొయ్యలు పైకి తేలి గట్టు అంచుకు చేరడం టార్చిలైటు వెలుగులో చూశాను. ఆ పంటలో నాలుగో వంతు పోయింది. అప్పటి నుంచి ప్రతి డ్రమ్ము మీదా తేదీ రాస్తున్నాను. పూర్తి బయోడీజిల్‌ను మూడు నెలలకు మించి ఉంచను, డ్రమ్మును సగం ఖాళీగా వదలను. జనవరి తెల్లవారుజాముల్లో పామాయిల్‌తో చేసిన సరుకు అడుగున నెయ్యిలా పేరుకోవడమూ చూశాను. అందుకే చలికాలంలో బీ20 దాటను.

నిప్పు విషయంలో బయోడీజిల్ నిజంగా మేలే. ఆవిరి నిప్పందుకునే ఉష్ణోగ్రత, అంటే ఫ్లాష్ పాయింట్, మన ప్రమాణాల ప్రకారం డీజిల్‌కు కనీసం 35 డిగ్రీలు, బయోడీజిల్‌కు 101 డిగ్రీలు. పెట్రోలుకైతే అది సున్నాకు నలభై డిగ్రీలు దిగువన ఉంటుంది. మే నెలలో రేకుల షెడ్డు ఎలా కాలుతుందో తెలిసినవాళ్లకు ఈ తేడా విలువ అర్థమవుతుంది. అయితే ఈ భద్రత పూర్తి బయోడీజిల్‌దే. బీ20కి నిప్పంటుకునే గుణం దాదాపు డీజిల్‌దే కాబట్టి జాగ్రత్తలూ డీజిల్‌కు తీసుకున్నవే తీసుకోవాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బయోడీజిల్ తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే గాలితో చర్య జరిగి వాటంతట అవే వేడెక్కుతాయి, మంట కూడా పుట్టవచ్చు. మా షెడ్డు మూల అలాంటి కుప్పలో చెయ్యి పెడితే వేడి తగిలింది. ఇప్పుడు గుడ్డలన్నీ నీళ్లు పోసిన మూత డబ్బాలోకే వెళతాయి.

చెరువులో ఒలికితే? డీజిల్‌కన్నా చాలా త్వరగా మట్టిలో, నీటిలో జీర్ణమవుతుందన్నది నిజం. కానీ దాన్ని తినే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. పైగా నూనె పొర గాలిని లోపలికి పోనివ్వదు. "ప్రకృతికి మేలు చేసేదే కదా" అని ఊరుకుంటే రొయ్యలు చస్తాయి. డ్రమ్ముల కింద సిమెంటు తొట్టి కట్టించాను.

కొనేటప్పుడు గాజు సీసాలో సగం నీళ్లు, సగం బయోడీజిల్ పోసి గట్టిగా కుదుపుతాను. అరగంటలో రెండూ తేటగా విడిపోవాలి. మజ్జిగలా కలిసిపోతే సబ్బు ఉన్నట్టు, ఆ సరుకు వెనక్కే. తయారీలో వాడే మెథనాల్‌ను పూర్తిగా తీయని సరుకు ఇంకా ప్రమాదకరం. మెథనాల్ విషమే కాక 11 డిగ్రీల దగ్గరే నిప్పందుకుంటుంది, దాని మంట పగటి వెలుగులో కనిపించదు. పరీక్ష నివేదిక చూపనివాళ్ల దగ్గర ఎంత చవకైనా కొనను. వారంటీ ఉన్న కొత్త ఇంజన్లలో మాత్రం కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఒక్క లీటరు కూడా పోయవద్దు.

ఇప్పుడు రోజువారీ వాడకమంతా బీ20తోనే. అత్యవసరం కోసం విడిగా ఉంచే రెండు వందల లీటర్ల డ్రమ్ములో మాత్రం మామూలు డీజిలే ఉంటుంది.