డెంగీ వార్డులో ఏది మేలు: ప్లేట్‌లెట్ కౌంటా, పాదాల మీద చెయ్యా?

వానాకాలం డ్యూటీలో నర్సు చెవిన రోజంతా పడే ప్రశ్న ఒకటే. "సిస్టర్, కౌంట్ ఎంత వచ్చింది?" లక్ష దాటిందంటే అటెండెంట్ల ముఖాలు విప్పారతాయి. ముప్పై వేలంటే ఏడుపులు మొదలవుతాయి, దాతలు కావాలంటూ వాట్సాప్ మెసేజ్‌లు వెళ్లిపోతాయి. చాన్నాళ్లు నేనూ అంతే. రౌండ్స్‌లో ముందు అడిగేది అదే కాబట్టి, కేస్‌షీట్ తెరవగానే నా కళ్లు ఆ అంకెనే వెతికేవి.

పక్కపక్కనే ఉన్న రెండు బెడ్లు ఆ అలవాటు మాన్పించాయి.

కిటికీ వైపు బెడ్‌లో ముప్పై ఐదేళ్లావిడ. జ్వరం తగ్గి రెండు రోజులైంది, కౌంట్ 18 వేలు. చుట్టాలంతా కళ్లొత్తుకుంటూ నిలబడితే ఆవిడ మాత్రం ఇడ్లీ తింటూ ఇంకాస్త చట్నీ అడిగింది. పక్క బెడ్‌లో డిగ్రీ చదివే కుర్రాడు. నిన్న 62 వేలు, ఇవాళ 70 వేలు. ఆ ఉదయమే జ్వరం వదిలింది. "పెరుగుతోంది కదమ్మా, రేపు పంపించేస్తారా?" అని వాళ్ల నాన్న అడిగితే నేనూ నవ్వేసి, నోట్స్‌లో "స్టేబుల్" అని రాసేశాను. నైట్ డ్యూటీకి వచ్చిన సీనియర్ సిస్టర్ హ్యాండోవర్ వింటూనే దుప్పటి కింద చెయ్యి పెట్టి అతని పాదాలు పట్టుకుంది. "ఇవి ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయే?" అంది. చల్లగా, చెమట పట్టి ఉన్నాయి. నాడి 120. బీపీ 104/88. పొద్దున పది గంటల తర్వాత మూత్రానికే లేవలేదట. మాట మాత్రం చక్కగా మాట్లాడుతున్నాడు. వెంటనే డాక్టరు వచ్చి, బరువు లెక్కగట్టి సెలైన్ ఎక్కిస్తే తెల్లారేసరికి దారికొచ్చాడు. కిటికీ వైపు బెడ్ ఆవిడ మూడో రోజు నడిచి ఇంటికెళ్లింది, ఒక్క బ్యాగ్ ప్లేట్‌లెట్స్ కూడా ఎక్కించుకోకుండా.

డెంగీలో మనిషిని ఎక్కువగా దెబ్బతీసేది ప్లాస్మా లీకు. సన్న రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీరు కడుపులోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. అది మొదలయ్యేది సరిగ్గా అందరూ హమ్మయ్య అనుకునే వేళ, అంటే జ్వరం దిగేటప్పుడు. మామూలుగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య. 24 నుంచి 48 గంటలు సాగుతుంది. లోపల రక్తం పరిమాణం తగ్గుతుంటే శరీరం చేతులు కాళ్ల నాళాలను బిగించి, ఉన్నదాన్ని గుండెకీ మెదడుకీ మళ్లిస్తుంది. అందుకే పాదాలు ముందు చల్లబడతాయి. నాళాలు బిగుసుకుంటే కింది బీపీ పైకి లేస్తుంది, పై బీపీ మాత్రం ఇంకా పడిపోదు. ఆ కుర్రాడి 104 చూసి ఎవరూ కంగారు పడరు. 104లోంచి 88 తీసేస్తేనే సంగతి తెలిసేది: తేడా 16. ఈ పల్స్ ప్రెజర్ 20కి దిగిందంటే షాక్, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితి, మొదలైనట్టే.

మరి కౌంట్ దేనికి పనికొస్తుంది? పనికొస్తుంది, కాదనను. తెల్లకణాలు తగ్గి, ఆ వెనకే ప్లేట్‌లెట్స్ గబగబా పడిపోతుంటే లీకు రాబోతోందని ముందస్తు హెచ్చరిక. ఆ రోజు నుంచి ఆ బెడ్ దగ్గరికి ఎక్కువసార్లు వెళ్లాలి. అంతే తప్ప, 40 వేలున్నవాడికి 70 వేలున్నవాడి కంటే ముప్పెక్కువని లెక్కేమీ లేదు. రక్తస్రావం లేకపోతే 10 వేల కిందికి పడితేనే ఎక్కించే ఆలోచన చేయమని మన దేశ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైగా ట్యూబులో ప్లేట్‌లెట్స్ ముద్దకడితే మెషిన్ తక్కువ చూపిస్తుంది. స్లయిడ్ మీద చూస్తే గానీ ఆ పొరపాటు బయటపడదు. బొప్పాయి ఆకు రసం గురించి నన్నడగకండి. వాంతులవుతున్నవాడి నోట్లో అది పోస్తుంటే మాత్రం గ్లాసు లాక్కున్నాను.

రక్తపరీక్షల్లోనే ఒకటి ఎంచుకోమంటే నేను పీసీవీ అంటాను, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పే అంకె. నీరు బయటికి పోయి రక్తం చిక్కబడితే అది పెరుగుతుంది. మొదటి రోజు 36 ఉన్నది 44 అయిందంటే 20 శాతం దాటినట్టే. చిక్కల్లా ఆ మొదటి రోజు అంకె లేకపోతేనే. మన దగ్గర రక్తం తక్కువున్న ఆడవాళ్లు ఎందరో. పీసీవీ 30తో తిరిగే మనిషికి లీకు మొదలై 37 వస్తే రిపోర్టు చూసి "నార్మల్" అంటాం. పీసీవీ తగ్గినా తొందరపడి సంతోషించకూడదు. మూత్రం బాగా వస్తూ మనిషి తేరుకుంటుంటే కోలుకుంటున్నట్టు. నాడి పరిగెడుతూ, బీపీ జారుతూ పీసీవీ తగ్గితే మాత్రం లోపలెక్కడో రక్తం పోతోందేమోనని అనుమానించాలి. ఆ తేడా కాగితం చెప్పదు, బెడ్ దగ్గరికి వెళ్లాల్సిందే.

చెయ్యి, కన్ను, గడియారం. ఖర్చు లేనివి ఇవే, రిపోర్టు కోసం నాలుగు గంటలు ఆగక్కర్లేనివీ ఇవే. వేలి గోరును ఐదు సెకన్లు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. ఆషాఢం వెళ్లిన కొత్తలో గోళ్లకి గోరింటాకు ఎర్రగా పండి ఉంటుంది, రంగేమీ కనపడదు. అప్పుడు రొమ్ము ఎముక మీద నొక్కి చూస్తాను. ఏసీ గదిలో చేతులు ఊరికే చల్లగా ఉండొచ్చు కాబట్టి ఒక్క గుర్తుతో తేల్చేయకూడదు. మూత్రం లెక్క ఇంకా తేలిక: కిలోకి గంటకు అర మిల్లీలీటరు, అంటే అరవై కిలోల మనిషికి గంటకు 30. కొలిచే తీరిక లేకపోతే "ఆఖరిసారి ఎప్పుడు వెళ్లారు?" అని అడిగినా చాలు. ఆరు గంటలు దాటిందంటే కదలాలి. దాంతోపాటు ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, ఉన్నట్టుండి మగతగానో చిరాగ్గానో మారిపోవడం. ఇవి అటెండెంట్లకీ చెప్పి పెట్టాలి. రాత్రి రెండింటికి మేల్కొని ఉండేది వాళ్లే.

దీని లోపాలూ చెప్పాలి. చెయ్యి మనిషిని బట్టి మారుతుంది. నలభై మందికి ఒక్క సిస్టర్ ఉన్న రాత్రి అందరి పాదాలూ గంటకోసారి ముట్టుకోవడం కుదరదు. కుదరదని తెలిసే కొన్ని చార్టుల్లో వరుసగా 110/70, 110/70 అని పడుతుంటుంది. ఆ అంకెలు చూస్తే నాకు భయం, ఎందుకంటే ఒకప్పుడు నేనూ రాశాను. ఆటోమేటిక్ మెషిన్ కూడా పూర్తిగా ఆదుకోదు. అది సగటు పీడనాన్ని పట్టుకుని పైదీ కిందిదీ లెక్కకట్టి చూపిస్తుంది కాబట్టి, నాడి బలహీనంగా ఉన్నప్పుడు దాని మాట నమ్మి కూర్చోకుండా స్టెతస్కోప్‌తో చేత్తో చూసుకోవడమే నయం.

అందుకే నా వరుస ఇది. జ్వరం ఉన్న రోజుల్లో రోజుకో కౌంట్, పీసీవీ. అదీ మొదటి అంకె చేతిలో ఉండడం కోసమే. జ్వరం దిగిన రోజున మాత్రం రిపోర్టు కోసం ఎదురుచూడను. డ్యూటీ ఎక్కగానే, ఎవరికి ఈ 24 గంటల్లో జ్వరం వదిలిందో వాళ్ల పాదాల దగ్గరికే ముందు వెళతాను. కౌంట్ బాగా తక్కువున్నా నడుస్తూ తింటున్నవాళ్ల వంతు ఆ తర్వాత.

ఇంకో రెండు రోజులు గడిచాక పాదాలు కూడా మోసం చేస్తాయి. బయటికి పోయిన నీరంతా తిరిగి నాళాల్లోకి వస్తుంది. పాదాలు వెచ్చగా ఉంటాయి, మూత్రం ధారాళంగా వస్తుంది, కౌంట్ పెరుగుతుంది, మనమేమో పాత ఆర్డర్ ప్రకారం సెలైన్ ఎక్కిస్తూనే ఉంటాం. ఆ ఎక్కువైన నీరు ఊపిరితిత్తుల్లోకి చేరొచ్చు, అందుకే అప్పుడు చూడాల్సింది ఊపిరి. ఛాతీ కదలికను పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం కాదు. 18 ఉన్నది 28 అయి, పడుకోలేక లేచి కూర్చుంటున్నాడంటే, తల వైపు బెడ్ ఎత్తి, సెలైన్ వేగం తగ్గించాలా, ఆపాలా అని డాక్టరుకి అప్పటికప్పుడు ఫోన్ చేయాలి.